జట్టు నియమాల ఉల్లంఘన

ఆదివారం చర్చి నుంచి జనం ఇళ్ళకు చేరి, వేయించిన కోడి ముందు కూర్చునేసరికే ఆ వాక్యం టీవీలో వచ్చేసింది. జట్టు నియమాలు ఉల్లంఘించినందుకు క్వార్టర్‌బ్యాక్ టక్కర్ లోవెల్‌నూ, సెంటర్ కెల్వన్ ప్రూయిట్‌నూ ప్రస్తుతానికి పక్కన పెట్టడమైనది. ఇది మా ఇంటి విషయం. ఇంతకుమించి మాట్లాడం. కింద కోచ్ స్టెగాల్ సంతకం.

మిసిసిపీలో, చేతుల్తో ఆడే అమెరికా ఫుట్‌బాలే ప్రాణమైన మా ఊరిలాంటి కాలేజీ ఊళ్ళకు ఈ వాక్యం కొత్తేమీ కాదు. చలి మొదలయ్యే రోజుల్లో ఏటా ఎవరో ఒక కుర్రాడి నెత్తిన పడుతూనే ఉంటుంది. దాని గొప్పతనమంతా అందులో ఏమీ లేకపోవడమే. ఏమీ లేనిచోట ఎవరికి తోచింది వాళ్ళు పెట్టుకుంటారు. మంగలి షాపులో గంజాయి అన్నారు. పెట్రోలు బంకులో ఎవరో అమ్మాయి సంగతన్నారు. సాయంత్రం ప్రార్థనకి చర్చి మెట్ల మీద చేరిన పెద్దావిడలైతే ఏమీ అనకుండా తలలు మాత్రం ఊపారు, అది ఇంకా అన్యాయం. రెండు పేర్లూ ఒకే వాక్యంలో ఉన్నాయి కనక ఇద్దరూ ఒకే పని చేశారని మాత్రం ఊరంతా తీర్మానించేసింది.

తల్లి ఫోన్ చేసినప్పుడు కెల్వన్ హాస్టల్ గదిలో మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"నీ పేరు టీవీలో చదివారు," అంది.

"తెలుసమ్మా."

"ఏం చేశావు?"

"ఒకమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళాను."

ఆమె పనిచేసే చేపల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళందరూ ఈపాటికి ఆమెకు ఫోన్లు చేసే ఉంటారని కెల్వన్‌కి తెలుసు.

"దానికి శిక్షేంటి?"

"రాత్రి ఎవరి మంచంలో వాళ్ళున్నారో లేదో చూసే మనిషొచ్చినప్పుడు నేను గదిలో లేను."

"మరా టక్కర్ పిల్లాడు?"

"బండి నడిపి బోల్తా కొట్టించింది వాడు."

"అయితే ఇద్దరి పేర్లూ ఒక్క ఊపిరిలో ఎందుకు చదివార్రా?"

దానికి జవాబు ఎవరిదగ్గరుందో కెల్వన్‌కి తెలుసు.

సోమవారం కోచ్ స్టెగాల్ అతన్ని గదికి పిలిపించి, తనే లేచి కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. పెంచే కోచ్‌లను ఈ ఊరు ముగ్గుర్ని చూసి పంపించేసింది. ఈయన మెత్తగా మాట్లాడి, మెత్తగానే మెడ వంచుతాడు.

"బుధవారం ప్రాక్టీసుకి ముందు ఎప్పట్లాగే మైదానం మధ్యలో అందరూ చుట్టూ నిలబడతారు, నాయనా. తప్పు చేసినవాడు పైకి చెప్పుకుంటాడు, జట్టు చప్పట్లు కొడుతుంది, అక్కడితో సరి. ముందు టక్కర్, తర్వాత నువ్వు. జట్టు పరికరాలు మోసే బండి ఎక్కాం, ఆ అమ్మాయి నడుపుతుంటే వద్దనాల్సింది, అనలేదు, తప్పయింది. అంతే. శనివారం ఆడతావు."

"మెకైలా నడపలేదు, కోచ్."

"తాళం ఎవరిది?"

"ఆమెదే. జట్టు పరికరాలు చూసేది ఆమే కదా, టక్కర్ అడిగితే ఇచ్చింది. ఈ ఊళ్ళో వాడడిగితే ఇవ్వనివాళ్ళెవరు?"

"బండి బోల్తా పడ్డప్పుడు నువ్వున్నావా?"

"లేను. 'నేను బండి తిరగేశాను, రా' అని నాకు ఫోన్ చేసింది వాడే. నేను వెళ్ళేసరికి ఆమె కాలవలో కూర్చునుంది. వాడు పొదల వెనక నించుని, 'ఎవరో ఒకరు వస్తార్లే, మనం పోదాం' అంటున్నాడు."

"కంగారులో మనిషి ఏదో అంటాడు." కోచ్ తీపి టీ గ్లాసు పక్కకు జరిపాడు. "చూడు. నడిపింది టక్కరని బయటికొస్తే, తాగి నడిపాడనీ వస్తుంది. వాడి ఏడాది పోతుంది, దాంతో మనందరిదీ పోతుంది. ఆ అమ్మాయికైతే పోయేది ఒక చిన్న పని. ఇంకోటి వెతుక్కుంటుంది."

"ఆ పని చేస్తున్నందుకే కాలేజీ వాళ్ళు ఆమె ఫీజు కడుతున్నారు, కోచ్. అది పోతే చదువే పోతుంది."

"నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు నాయనా. జట్టుతో ఉండమంటున్నాను."

ఆ రెంటికీ తేడా ఏమిటో ఆయన చెప్పలేదు. ఆయన దృష్టిలో తేడా లేదు కాబోలు.

"ఉండకపోతే?"

"జట్టు గదిలో లాకరు మీద నీ పేరుండదు. చివరి ఏడాది కదా నీది. ఆలోచించుకో."

కెల్వన్ అక్కడినుంచి నేరుగా స్టేడియం కింద పరికరాల గదికి వెళ్ళాడు. కాలర్‌బోన్ విరిగి, ఎడమచేతిని గుడ్డతో మెడకు వేలాడగట్టుకుని మెకైలా డోర్సీ ఒక బల్ల మీద కూర్చునుంది. కొత్త బంతిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, కుడిచేత్తో బ్రష్ పట్టి తోలు రుద్దుతోంది. కొత్త బంతి నున్నగా జారిపోతుంది. బ్రష్‌తో గరుకెక్కించి, తడిగుడ్డతో తుడిచి, మైనం పట్టించి, మళ్ళీ రుద్దితేగానీ చేతికి పట్టు చిక్కదు. వారం వారం టక్కర్‌కి విసరడానికి కావలసిన బంతులన్నీ ఇలా తయారుచేసేది ఆమే.

"ఇంకా వాడి కోసం రుద్దుతున్నావా?" అన్నాడు కెల్వన్.

"వాడికోసం కాదు. సగంలో ఆపితే తోలు బిగుసుకుపోతుంది. పాపం బంతి ఏం చేసింది?"

కెల్వన్ ఆమె ఎదుట నేల మీద కూర్చుని బంతి కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె వద్దనలేదు. బ్రష్ ఇప్పుడు తిన్నగా నడిచింది.

"నీతో ఏమన్నారు?"

"బుధవారం మీరిద్దరూ చెప్పాక నా సంగతి తేలుస్తారట. ఇద్దరూ ఒకేలా చెప్తే ఇక నేను చెప్పేదేముందన్నారు."

"పోలీసుల దగ్గరికెళ్ళాల్సింది."

"వెళ్ళకపోవడమేంటి? కాలేజీ పోలీసాయన నా మాటంతా ఓపిగ్గా విన్నాడు. విని, టోపీ సర్దుకుని, శనివారం గెలుస్తామా అని అడిగాడు."

కెల్వన్‌కి నవ్వొచ్చింది, నవ్వినందుకు సిగ్గూ వేసింది. ఆమె కూడా నవ్వబోయి, భుజం లాగేసరికి పెదవి కొరుక్కుంది.

"టక్కర్ వచ్చాడా?"

"పూలు పంపాడు. పంపిందెవరో రాయలేదు." ఆమె బ్రష్ కింద పెట్టింది. "నాకోసం నువ్వేం చెయ్యక్కర్లేదు, కెల్వన్. నా ఎముక బాధ నేను పడతా. నేను నడిపానని మాత్రం నీ నోటితో అనకు. వాడు ఆ మాటంటే, భయపడి అంటున్నాడనుకుంటారు. నువ్వంటే మాత్రం నమ్మేస్తారు."

ఆ మాట కెల్వన్‌కి బాగా తగిలింది. నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో అతను సంపాదించుకున్నది అదొక్కటే. దాన్ని ఆమె మీదికే రాయిలా విసరమంటున్నాడు కోచ్.

మంగళవారం పొద్దున్న మంచు ఇంకా గడ్డి మీదుండగానే మైదానం నడుమ ఒక మడతకుర్చీ వేశారు. మా దగ్గర దీన్ని విందు అంటారు. తప్పు చేసినవాడు కుర్చీలో కూర్చుని పెట్టెడు డోనట్లు తినాలి. వాడు తినడం పూర్తయ్యేదాకా వాడి తోటివాళ్ళు చేతులూ కాళ్ళూ నేలకానించి, మోకాళ్ళు తగలకుండా, ఈ చివరి గీత నుంచి ఆ చివరి గీతకు పాకుతూనే ఉండాలి. తప్పు ఒకడిది, చెమట అందరిదీ. ఎవడు కనిపెట్టాడోగానీ మనుషుల సంగతి బాగా తెలిసినవాడే కనిపెట్టాడు.

కెల్వన్‌తో భుజం కలిపి వరసలో నిలబడే బరువైన కుర్రాళ్ళందరినీ గీత మీద వంచారు. కెల్వన్ ఒళ్ళో పెట్టె పెట్టారు. అతను మూత తెరవలేదు.

"తొందరేం లేదు," అన్నాడు కోచ్. "వాళ్ళు పాకుతుంటారు."

వాళ్ళు పాకారు. ఒక్కొక్కడూ రెండు బస్తాల బరువుంటాడు. గడ్డి చిరిగి బురద తేలింది. మొదటిసారి కుర్చీ పక్కనుంచి వెళ్తూ కుడిపక్క ఆడే ఎజ్రా తలెత్తాడు.

"తినరా బాబూ. నీ కాళ్ళు పట్టుకుంటా. ఎలాగూ నేల మీదే ఉన్నాగా."

"తిననురా."

"నీ పంతం బాగానే ఉంది. నా నడుమే బాలేదు."

రెండోసారి వచ్చేసరికి ఎజ్రాకి జోకులు అయిపోయాయి. వాడి వెనక కెల్వన్ బదులు ఆడే డావిన్ హబ్ వస్తున్నాడు. అందరూ బిస్కెట్ అని పిలుస్తారు. వాడు సగం మైదానం దాటి, ఆగి, గడ్డిలో కక్కుకుని, భుజంతో మూతి తుడుచుకుని మళ్ళీ పాకాడు. అది చూశాక కెల్వన్ పెట్టె తెరిచాడు. గబగబా తిన్నాడు. చక్కెర గొంతుకు అడ్డం పడుతోంది. నమిలే ఓపిక లేక మింగుతున్నాడు. తన కోపం కోసం ఇంకొకడి కడుపు దేవేస్తుంటే ఎలా చూస్తూ కూర్చుంటాడు? కోచ్ లెక్క కూడా అదే. గెలిచాననుకుని ఆయన గడియారం వైపు చూసుకున్నాడు.

ఎజ్రా మళ్ళీ పక్కకొచ్చి కాస్త నెమ్మదించాడు.

"నిజం చెప్పు. నడిపింది నువ్వా?"

"కాదు."

"ఆ బంతులమ్మాయా?"

"మెకైలా. ఆమె కూడా కాదు."

ఎజ్రా కుర్చీ వైపు చూశాడు. కుర్చీ పక్కన ఖాళీ వైపు చూశాడు. "టక్కర్ ఎక్కడ్రా?"

"నడుం పట్టేసిందట. లోపల వేడినీళ్ళ తొట్టిలో ఉన్నాడు."

"మాటలొద్దు," అన్నాడు కోచ్ దూరం నుంచి.

అంతా అయ్యాక కొళాయి దగ్గర బిస్కెట్ తలంతా నీళ్ళకింద పెట్టుకుని ఉన్నాడు. కెల్వన్ వెళ్ళి వాడి వీపు మీద చెయ్యి వేశాడు.

"సారీ బిస్కెట్."

"నాకెందుకు చెప్తావు?" వాడు తలెత్తకుండానే అన్నాడు. "నిన్న నేను వెనక్కి వేసిన బంతి ఒకటి ఆకాశంలోకి ఎగిరి ఇంకా కిందకి దిగలేదని అందరూ నవ్వుతున్నారు, అది చాలదన్నట్టు ఇదొకటి. నువ్వు పోతే శనివారం నన్ను దించుతారు, మా నాన్న టికెట్ కూడా కొనేశాడు. నాకు సంతోషంగా ఉండాలి కదా? లేదు. కుర్చీ ఒక్కటే ఎందుకేశారు, అదొకటి ఎవరైనా చెప్తే బాగుణ్ణు."

వాడు కొళాయి కట్టేసి, తల విదిల్చుకుంటూ వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం లాకర్ల గదిలో టక్కర్ అతని పక్కకొచ్చి కూర్చున్నాడు. చక్కనివాడు, చేతులు పొడుగు, ఎప్పుడూ ఎవరినో ఒకరిని నవ్విస్తూ ఉండేవాడు. మూడేళ్ళుగా ప్రతి ఆటా కెల్వన్ చేతిలోంచి వాడి చేతిలోకి బంతి వెళ్ళడంతోనే మొదలైంది. వానలో, ఎండలో, వేలమంది అరుపుల్లో వాడి గొంతులో చిన్న మార్పు వచ్చినా కెల్వన్ పట్టేస్తాడు. ఇప్పుడా గొంతు వణుకుతోంది.

"కెల్, నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదురా."

"ఆమెకీ పట్టట్లేదు. పక్కకి తిరిగితే ఎముక కలుక్కుమంటోందట."

"నాకు భయంగా ఉంది."

"ఉంటుంది."

"నువ్వు చెప్పేస్తే అయిపోతుంది. ఇద్దరం చెప్తే ఇక ఎవరూ అడగరు. ప్లీజ్‌రా."

కెల్వన్ వేళ్ళకి టేపు చుట్టుకుంటూ ఉండిపోయాడు. వీణ్ణి తిట్టాలని ఉంది, వీడి మీద జాలిగానూ ఉంది. ఆ జాలికి లొంగితే మెకైలా పని పోతుంది. టేపు పళ్ళతో తెంపి లేచాడు.

మైదానం నడుమ జట్టంతా గుండ్రంగా నిలబడింది. టక్కర్ మధ్యలోకొచ్చి నేల చూస్తూ చెప్పాడు. బండి ఎక్కకూడదు, ఎక్కాం. నడపకూడనివాళ్ళు నడుపుతుంటే చూస్తూ ఊరుకున్నాం. మిమ్మల్ని తలదించుకునేలా చేశాం. ఎవరి పేరూ ఎత్తకుండా ఎంత చక్కగా చెప్పాడో. వాడికి రాసిచ్చినవాడికి మాత్రం చెయ్యి తిరిగిందనే చెప్పాలి. చప్పట్లు మోగాయి, కానీ బరువైన కుర్రాళ్ళు నిలబడ్డ వైపు పల్చగానే మోగాయి.

తర్వాత కెల్వన్ మధ్యలోకి వచ్చాడు.

"రాత్రి గదిలో ఉండాల్సిన వేళ లేను. మంచాలు చూసే మనిషిని తిప్పలు పెట్టాను. దానికి సారీ."

కోచ్ ఎదురుచూశాడు. "ఇంకా?"

"నేను చేసింది అంతే, కోచ్."

కోచ్ అతని ముఖంలోకి చూశాడు, తర్వాత బిస్కెట్ వైపు చూశాడు. శనివారం పక్క రాష్ట్రంవాళ్ళతో ఆట. ఏడాదంతా ఓడినా అది గెలిస్తే చాలనుకునే ఆట. కెల్వన్ కాదనలేదు కదా, అది చాలనుకున్నాడు. ఆయనే ముందుగా చప్పట్లు కొట్టాడు.

"సరే. ఇంటి విషయం ఇంట్లో అయిపోయింది. ఇక పని చూడండి."

వరస కట్టారు. వరసకి నట్టనడుమ కెల్వన్ వంగి, నేలమీది బంతి మీద కుడిచెయ్యి వేశాడు. సెంటర్ పని ఇదే. బంతిని కాళ్ళ మధ్యనుంచి వెనకనున్న క్వార్టర్‌బ్యాక్ చేతుల్లోకి, వాడు 'హట్' అని అరవగానే వెయ్యాలి. అతను వేసేదాకా ఈ పక్కా ఆ పక్కా ఎవడూ వేలు కదపకూడదు. పేపర్లలో ఫోటోలు టక్కర్‌వి పడతాయిగానీ, ఆట మొదలుపెట్టేది మాత్రం వంగి ఉన్నవాడే.

"సెట్," అని అరిచాడు టక్కర్. "హట్."

బంతి కదల్లేదు. ఎదుటి వరసవాడొకడు అలవాటుగా ముందుకు తూలి, నాలిక కొరుక్కుని వెనక్కి వెళ్ళాడు.

"హట్. హట్."

"ఎవరు నడిపారు, టక్కర్?" అన్నాడు కెల్వన్. తల వంచే ఉంది. కాళ్ళ సందులోంచి తలకిందులుగా టక్కర్ బూట్లు కనిపిస్తున్నాయి.

కోచ్ విజిల్ ఊదాడు. "ప్రూయిట్. మళ్ళీ."

మళ్ళీ వరస కట్టారు. టక్కర్ మళ్ళీ అరిచాడు, ఈసారి గొంతు సగమే వచ్చింది. కెల్వన్ వేళ్ళు బంతి కుట్టు మీద బిగిసే ఉన్నాయి. పక్కన ఎజ్రా ఊపిరి వినిపిస్తోంది.

"చప్పట్లు కొట్టారుగా, అందరూ విన్నారు," అన్నాడు కెల్వన్. "నడపకూడనివాళ్ళు నడిపారన్నావు. ఎవరో చెప్పలేదు. ఎవరు?"

కోచ్ దగ్గరికొచ్చాడు. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు. "ప్రూయిట్, నా మైదానంలోంచి పో."

కెల్వన్ నడుం నిటారుగా చేశాడు. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని గేటు వైపు నడిచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. నాలుగేళ్ళు ఆడిన గడ్డి. పైగా తల్లికి ఏం చెప్పాలో ఇంకా తెలియదు. అయినా మెకైలా మీద నింద తన నోట రాలేదు. ఆ ఒక్కటి గట్టిగా పట్టుకుని నడిచాడు.

"హబ్, రా," అన్న కోచ్ మాట వెనకనుంచి వినిపించింది. బిస్కెట్ బరువైన అడుగులు వినిపించాయి.

"సెట్. హట్."

తోలు అరచేతికి తగిలే చప్పుడు కోసం కెల్వన్ చెవులు తమంతట తామే ఎదురుచూశాయి. అది రాలేదు. పాపం బిస్కెట్ చేతిలోంచి మళ్ళీ జారిందనుకున్నాడు.

"హట్."

ఏమీ లేదు.

"హబ్, నీకు చెవులు లేవా?" అన్నాడు కోచ్.

"ఉన్నాయి కోచ్," బిస్కెట్ గొంతు నేల దగ్గరినుంచి వచ్చింది. "జవాబు కోసం వింటున్నా."

ఎవరూ నవ్వలేదు. కెల్వన్ నడక దానంతటదే ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

"నేనే," అన్నాడు టక్కర్.

"వినపళ్ళా," అన్నాడు ఎజ్రా.

"నేనే నడిపాను." ఈసారి పూర్తి గొంతుతో, వేలమంది అరుపుల్ని దాటి వినిపించే గొంతుతో అన్నాడు. "తాగున్నాను. తాళం నేనే అడిగి తీసుకున్నా. బండి తిరగబడితే ఆమెను కాలవలో వదిలేసి పోదామన్నాను. మెకైలా పక్కన కూర్చుంది, అంతే."

కెల్వన్ వెనక్కి తిరిగాడు. కోచ్ పిలవలేదు, అతను అడగనూ లేదు. హెల్మెట్ పెట్టుకుంటూ నడిచొచ్చాడు. బిస్కెట్ లేచి, చేతుల బురద తొడలకి తుడుచుకుని పక్కకి జరిగాడు. టక్కర్ ఏడుస్తున్నాడు. వాణ్ణి ఎవరూ ఓదార్చలేదు, తిట్టనూ లేదు.

కెల్వన్ వంగి బంతి మీద చెయ్యి వేశాడు.

"మెకైలా రేపట్నుంచి పనిలోకొస్తుంది, కోచ్," అన్నాడు.

కోచ్ వరసను ఆ చివర నుంచి ఈ చివరదాకా చూశాడు. వంగినవాళ్ళంతా నేల చూస్తూనే ఉన్నారు, ఒక్కడూ కదల్లేదు. బిస్కెట్ వైపు చూశాడు. వాడు ఆకాశం చూస్తున్నాడు. కోచ్ సరేనని తల ఊపేదాకా కెల్వన్ బంతిని కదపలేదు.